టీచరు గారి నత్తలకు నేను తెచ్చిన మొక్కలు

నేను పిరికిదాన్ని. గ్యాసు కట్టేశానో లేదో అన్న అనుమానంతో బందరు బస్టాండు దాకా వెళ్లి వెనక్కి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. అలాంటిదాని చేతిలో ఏడు ప్రాణాలు పెట్టి వెళ్లారు మా ఇంటి ఓనరు, టీచరు గారు.

ఆవిడ కింది వాటాలో ఉంటారు, నేను పై వాటాలో. అవనిగడ్డ వైపు బళ్లలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం పొద్దున చర్చి, మిగతా వారమంతా ముందు గదిలోని గాజు తొట్టి. అందులో చేపలుండవు. నిమ్మపండు రంగు నత్తలుంటాయి, ఒక్కోటీ ఉసిరికాయంత. ఆవిడ వాటిని చూస్తూ కూర్చుంటే, ఇందులో చూడ్డానికి ఏముందా అనుకునేదాన్ని. తర్వాత నాకూ అలవాటైంది. ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పి ముందు అక్కడికే వెళ్లేదాన్ని.

టీచరు గారికి కడుపులో గడ్డ ఉందని తేలింది. ఆపరేషనుకి విజయవాడలో చెల్లెలి ఇంటికి బయల్దేరుతూ తాళాలు నాకిచ్చారు.

"మొక్కలన్నీ తినేశాయమ్మాయ్. కొత్తవి చూసి వెయ్యి. ఆకుకూర ఉడకేసి పెట్టినా తింటాయనుకో, కానీ పాకడానికి మొక్క లేకపోతే వాటికి తోచదు."

"నాకు వీటి సంగతేం తెలుసండీ? ఏమన్నా అయితే?"

"ఏమవుతుంది? నేనొచ్చేసరికి ఏడూ ఉంటే చాలు."

ఆవిడ మామూలుగానే అన్నారు. నేను ఆ మాటను పట్టుకున్నాను. ఏడూ ఉంటే ఆవిడ క్షేమంగా తిరిగొస్తారు. ఒకటి తగ్గితే? అక్కడితో ఆలోచన ఆపేసేదాన్ని, మళ్లీ అన్నం తింటూ అక్కడే మొదలుపెట్టేదాన్ని. ఆవిడకు శకునాల పట్టింపు లేదు. ఇద్దరి వంతూ నేనే మోశాను.

మర్నాడు ఆఫీసు అవగానే అక్వేరియం షాపుకి వెళ్లాను. షాపతను ఓపికగానే చెప్పాడు. మెత్తటి ఆకులు వేస్తే రెండ్రోజుల్లో ఖాళీ చేస్తాయట. అనుబియాస్ లాంటి మందపాటి ఆకులను ముట్టుకోవట, వాటి మీద పాకుతూ పాచి మాత్రం తింటాయట. రెండు రకాలూ కలిపి వెయ్యమన్నాడు.

"పార్సిల్లో వచ్చిన మొక్కలకి ఏదో ఒక మందు పడే ఉంటుందండీ. వారం రోజులు బకెట్లో పెట్టి, రోజూ నీళ్లు మార్చి, అప్పుడెయ్యాలి" అన్నాడు. తర్వాత మూలనున్న తొట్టి చూపించాడు. "ఇవైతే నెల్రోజుల్నించీ ఇక్కడే ఉన్నాయి. ఇవాళే వేసేసుకోవచ్చు."

వంగి చూశాను. ఆకుల నిండా మిరియపు గింజలంత నల్ల నత్తలు పాకుతున్నాయి.

"అమ్మో, వీటి రోగాలు మావాటికి అంటుకుంటేనో?"

"నత్తలు బతికున్న నీళ్లలోంచి తీసిన మొక్కేనండీ నత్తలకి మంచిది" అన్నాడతను నవ్వుతూ.

నాకు ఆ నవ్వు నచ్చలేదు. మందు అన్న మాట విన్నాక ఆ షాపులో ఏ ఆకు చూసినా భయమే. వట్టి చేతులతో వచ్చేశాను.

నీళ్ల సంగతి తెలిసిన మనిషి నాకు ఒక్కడే ఉన్నాడు, మా నాన్న. గుడివాడ దగ్గర చేపపిల్లలు పెంచుతాడు. ముప్పై ఏళ్లుగా చెరువుల్లోనే బతుకు. ఆయన సిమెంటు తొట్లలో నాచు, అంతర తామర ఏపుగా పెరుగుతాయి. బుధవారం సెలవు పెట్టి వెళ్లాను.

"ఒక పెద్దావిడ తొట్టిలోకి కావాలి నాన్నా. ఆవిడకి రేపే ఆపరేషను. మంచివి ఏరి ఇవ్వు. రోగం రొష్టూ లేనివి."

తొట్టి దేనికని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మా ఇంట్లో తొట్టి అంటే చేపలకే. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో కొమ్మనూ వెలుతురుకి పెట్టి చూశాడు. పసుపు తిరిగిన ఆకు తుంచాడు. వేర్లు విదిలించాడు. కూతురికి సంబంధం చూసినంత శ్రద్ధగా చూశాడు. చివరికి నీలం నీళ్ల బకెట్లో ముంచి తీసి, తడి గోనెపట్టాలో చుట్టి ఇచ్చాడు.

ఆ బకెట్టు నాకు చిన్నప్పట్నించీ తెలుసు. ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి వెళ్లే వల ఏదైనా సరే, రోగాలు అంటకుండా అందులో మునగాల్సిందే. చిన్నప్పుడు మా కాళ్లు కూడా అందులో ముంచాకే చేపపిల్లల తొట్ల దగ్గరికి రానిచ్చేవాడు. ఆ నీలం చూసేసరికి రెండు రోజుల తర్వాత మొదటిసారి నా గుండె కుదుటపడింది. బస్సులో ఆ మూట ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాను కూడా.

సాయంత్రం మొక్కలు వేశాను. నత్తలు మీసాలు చాపి వాటి వైపు పాకాయి. ఎంత ముచ్చటేసిందో!

గురువారం పొద్దున కిందికి దిగి చూస్తే, నాలుగు నత్తలు నీళ్లు వదిలేసి గాజు పైఅంచుకు అతుక్కుని ఉన్నాయి. మూడు అడుగున పడి ఉన్నాయి. ఒకదాని ఒళ్లు చిప్పలోంచి బయటికి వేలాడుతోంది. వేలితో కదిపితే లోపలికి ముడుచుకోలేదు.

షాపతనికి ఫోన్ చేశాను.

"మొక్కలు ఎక్కడివండీ? దేంతోనన్నా కడిగారా?"

"మా నాన్న... నీలం నీళ్లలో... మైలుతుత్తం..."

చెప్తూ చెప్తూనే నాకు వెలిగింది. అతను ఏమీ అనకముందే వెలిగింది. చెరువులో చేపపిల్లలు వదిలే ముందు మా నాన్న మైలుతుత్తం చల్లేది ఎందుకు? నత్తలు చావడానికి. చల్లిన రెండో రోజు గట్టు వెంబడి ఖాళీ చిప్పలు ఒడ్డుకు కొట్టుకొచ్చేవి. వాటి మీద నడుస్తూ పటపటమనిపించడం మాకు ఆట. ఈ సంగతి మా నాన్న నాకు చెప్పాల్సిన పనే లేదు. నా కాళ్లకే తెలుసు. షాపులో పేరు తెలియని మందుకి హడలిపోయి వచ్చినదాన్ని, పేరు తెలిసిన విషాన్ని చేతులారా మోసుకొచ్చాను.

"ముందు నత్తల్ని తీసి నిలవ నీళ్లలో వెయ్యండి. మొక్కలు పారెయ్యండి" అని అతను అరుస్తున్నాడు.

వేస్తుండగానే రెండో ఫోను. టీచరు గారు.

"లోపలికి తీసుకెళ్తారటమ్మాయ్, ఇంకో పది నిమిషాల్లో. ఏడూ ఉన్నాయా?"

నా అరచేతిలో ఆ వేలాడే నత్త ఉంది. అప్పటికే వాసన వస్తోంది.

"ఉన్నాయండీ. బానే ఉన్నాయి."

"సరే అయితే" అని పెట్టేశారు.

ఆ రోజంతా బకెట్టు ముందు నుంచి కదల్లేదు. మధ్యాహ్నానికి రెండోది పోయింది. ఆపరేషను అయిపోయిందని సాయంత్రం వాళ్ల చెల్లెలు ఫోన్ చేసేలోపు మూడోది. శనివారానికి నాలుగోది. ఒక్కోటీ పోయినప్పుడల్లా విజయవాడలో ఏం జరుగుతోందోనని ఫోను వైపు చూసేదాన్ని. చచ్చినవాటిని ఆవిడ గులాబీ కుండీలో పాతిపెట్టాను. నాన్నకి చెప్పలేదు. చెబితే ఆయన అన్నం ముట్టడని తెలుసు.

తర్వాత ఆ మూల తొట్టిలోని మొక్కలే తెచ్చాను, నల్ల నత్తలతో సహా. మిగిలిన మూడూ బతికి బట్టకట్టాయి.

పది రోజులకు టీచరు గారు వచ్చారు. సగమయ్యారు. దింపడానికి వచ్చిన చెల్లెలి కొడుకు "పెద్దమ్మకి అంతా బానే ఉందండీ" అని నాకు రెండుసార్లు చెప్పి, నా వైపు చూడకుండా కారెక్కాడు.

ఆవిడ తొట్టి ముందు కూర్చున్నారు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. దొంగతనం చేసి దొరికిపోయిన పిల్లలా ఉన్నాను.

"టీచర్ గారూ, ఆ రోజు ఫోనులో..."

"తెలుసులే. నువ్వు బానే ఉన్నాయన్నావు చూడు, అప్పుడే అనుకున్నాను. మామూలుగా అయితే ఏ నత్త ఏ మూలనుందో అరగంట చెప్తావు. ఆ పది రోజులూ ఆసుపత్రిలో అందరూ నాతో అదే గొంతుతో మాట్లాడారు. బానే ఉంది, బానే ఉంది."

మొత్తం చెప్పేశాను. నాన్న, నీలం బకెట్టు, గులాబీ కుండీ. ఏడ్చాను కూడా. ఆవిడ ఆపలేదు, ఊరుకోమనలేదు. చెప్పడం అయ్యాక సంచిలోంచి ఒక ఫైలు తీసి నా ఒళ్లో పెట్టారు.

"గడ్డ ముక్క పరీక్షకి పంపారు. ఆ కాగితం ఇందులో ఉంది. ఆ ఇంగ్లీషు నాకు కొరుకుడుపడదు. వాళ్లెవరూ చదివి చెప్పరు. నువ్వు ఆఫీసులో రోజూ ఇంగ్లీషు కాగితాలే చూస్తావుగా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

నా అంత పిరికిదాన్ని ఎంచుకున్నారేమిటని కోపం వచ్చింది. ఫైలు తెరిచాను. రెండో పేజీ మధ్యలో, వాళ్లంతా ఆవిడకి చెప్పకుండా దాచిన ఆ మాట కనిపించింది. ఆ పేజీలో వేలుంచి ఫైలు మూశాను.

ఆవిడ నా వైపు చూడలేదు. తొట్టి వైపే చూస్తున్నారు.

"ఎన్ని మిగిలాయన్నావు?"

"మూడండీ."

"మూడున్నాయిగా. చదువు."