ఇక్కడిది

వదిన పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను వంటింటి అల్మారా తెరిచి పాము గుడ్లు చూసుకుంటున్నాను. ఆవిడే అప్పగించిన గుడ్లు. గుండె ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరే ముందురోజు ఆ ప్లాస్టిక్ డబ్బాని ఒళ్లో పెట్టుకుని, మావారిని కారు మెల్లగా నడపమని కసురుతూ, మా ఇంటికి తెచ్చింది. తడి మట్టిలో సగం కప్పి ఉన్న ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో చిన్న గీత.

"ఈ గీత ఎప్పుడూ పైకే ఉండాలి. గుడ్డు దొర్లితే లోపల పిల్ల బతకదు. నేనొచ్చేదాకా చూసుకోవే," అంది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మనిషి మాత్రం ఇంటికి రాలేదు.

ఆవిడ మావారి అక్క. ఆస్పత్రిలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పని. డెబ్బైల చివర్లో మేం అమెరికా వచ్చి, టెక్సాస్‌లోని ప్లేనో చేరేసరికే అక్కడ ఇల్లు కొనుక్కుని ఒక్కతే ఉండేది. ఒక్కతే అనకూడదేమో. వెనక గదిలో గాజుపెట్టెల నిండా మిల్క్ స్నేక్‌లు. ఎరుపు, నలుపు, తెలుపు గాజులు వరసగా తొడిగినట్టుండే పాములు. విషం లేనివి. ఈ పాముల్లోనే బోలెడన్ని ఉపజాతులున్నాయనీ, ఏది ఏదో గుర్తుపట్టడమే అసలు సరదా అనీ ఆవిడ చెబుతుంటే, కొత్తగా వచ్చిన నేను గుమ్మం దాటకుండా వినేదాన్ని.

తెలుగువాళ్లు కలిసినచోట ఎవరో ఒకరు నన్ను జాలిగా అడిగేవారు, "మీ ఆడపడుచుగారు పాములు పెంచుతారటగా, భయం వెయ్యదూ?" అని. నా బదులు ఆవిడే చెప్పేది: "మా మరదల్నే నేనింతవరకూ కరవలేదు. నా పాములెందుకు కరుస్తాయండీ?"

మొదటి ఏడు నాగుల చవితి వచ్చింది. పుట్టలో పాలు పోయాలి. టెక్సాస్‌లో పుట్టలకేం కరువు లేదు గానీ వాటిలో ఉండేవి కాళ్లు వాచేలా కుట్టే ఎర్రచీమలు. అప్పుడు తట్టింది నాకు, మనింట్లోనే పాలపాములున్నాయి కదా అని. తలంటుకుని, గ్లాసులో పచ్చిపాలు, గిన్నెలో చిమ్మిలి పట్టుకుని వదిన ఇంటికి వెళ్లాను. పేరులోనే పాలున్న పాము పాలు తాగదని నాకెలా తెలుస్తుంది?

వదిన నవ్వలేదు. "కూర్చో," అంది. "ఇక్కడి రైతులూ నీలాగే అనుకున్నారే. ఆవుల కొట్టంలో కనిపించింది గనక పాలు తాగడానికే వచ్చిందనుకుని ఆ పేరు పెట్టేశారు. పాపం అదొచ్చింది ఎలుకల కోసం. ఏదీ, ఆ పాలిటివ్వు. కాఫీ పెడతాను."

చిమ్మిలి ఇద్దరం తిన్నాం. ఆ పూటే నేను వెనక గది గుమ్మం దాటాను.

తర్వాత వసంతకాలపు ఆదివారాలు చాలా వాటికి ఆవిడ వెంట ఊరి బయటికి వెళ్లాను. చీర మీద మగవాళ్ల చొక్కా, కాళ్లకి బూట్లు, చేతిలో ఇనప కొక్కెం. సున్నపురాయి పలకల్ని తనవైపుకి లేపి, వెనక ఏముందో తొంగిచూసేది. "ఎరుపు పక్కనే పసుపుంటే దూరంగా ఉండు, అది విషప్పాము. ఎరుపుకి రెండు పక్కలా నలుపుంటే నన్ను పిలు." ఏమీ దొరక్కపోయినా రాయిని ఎలా ఉన్నదలా తిరిగి పెట్టేది. పక్కకి జరిగితే మళ్లీ సర్దేది. "ఎవరింటి పైకప్పో అది," అనేది.

అలా దొరికిందే ఈ గుడ్ల తల్లి. వదిన దాన్ని చేతుల మధ్య జారనిస్తూ ముందు ముక్కు చూసింది, తర్వాత పొట్ట. దక్షిణాన ఉండే మెక్సికన్ రకానికి ముక్కు నల్లగా ఉంటుందట. తూర్పున లూసియానా రకానికి ముక్కు మీద తెల్లమచ్చలు, వెడల్పాటి ఎర్రపట్టీలు. ఉత్తరాది మైదానాల రకానికి పట్టీలు సన్నగా, దగ్గరగా. దీనికి అన్నీ కొంచెం కొంచెం ఉన్నాయి. ఆ రకాలన్నీ కలిసే చోట ఉంటున్నాం మనం, అంది.

ఆవిడలాగే పాములు పెంచే స్నేహితులు వచ్చి వాదించుకున్నారు. ఒకాయన లూసియానా అన్నాడు, ఇంకొకాయన కాదన్నాడు. మిగతా పెట్టెలన్నిటికీ ఇంగ్లీషులో పేర్లు అంటించిన వదిన, దీనికి మాత్రం తెలుగులో ఒక్క మాట రాసి అంటించింది: ఇక్కడిది.

"అదేం పేరు వదినా? తెలియదని రాస్తే సరిపోయేదిగా," అన్నాను.

"తెలుసుగా. ఇక్కడ దొరికింది. ఇక్కడిది."

నేను ఎం.ఏ. చదివాను. ప్రతి మాటకీ రెండోవైపు వెతకడం అలవాటైపోయి, ఏ వైపూ గట్టిగా నిలబడలేని మనిషిని. ఆ జవాబు అప్పట్లో నాకు తప్పించుకోవడంలా అనిపించింది. తర్వాతెప్పుడో ఒక విందులో ఒకావిడ మా అమ్మాయిని, "మీదే ఊరమ్మా?" అని అడిగింది. పిల్ల నా వైపు చూసింది. నేను మా గుంటూరు నుంచి మొదలుపెట్టి, పుట్టింది మాత్రం... అని నసుగుతున్నాను. "ఇక్కడిదేనండీ," అంటూ వదిన దాని ప్లేటులో ఇంకో గారె వేసింది. అప్పుడర్థమైందని చెప్పలేను. పిల్ల ముఖం మాత్రం గుర్తుంది.

వదిన పోయాక పాముల్ని ఆవిడ స్నేహితులు జాగ్రత్తగా తీసుకెళ్లారు. గుడ్లని కదపకూడదని నా దగ్గరే వదిలారు. వేసవి ముదిరేకొద్దీ నాకు నిద్ర కరువైంది. ఆవిడ అప్పగించిన ఆఖరి పని నా చేతిలో చెడిపోతుందేమోనని, మూత తియ్యడానికి భయం, తియ్యకుండా ఉండడానికీ భయం. ఆగస్టులో ఒకరోజు చూస్తే గుడ్లన్నీ సొట్టలు పడి ఉన్నాయి. నీళ్లు తక్కువయ్యాయో, ఎక్కువయ్యాయో.

"పోయినట్టున్నాయే. పారేద్దామా?" అన్నారు మావారు. అక్క తాలూకు వస్తువేదీ ఆయన చూడలేకపోతున్నారు.

"నో, నాన్నా," అంది మా అమ్మాయి, అల్మారాకి అడ్డంగా నిలబడి. "అత్తయ్య ఏం చెప్పింది? తెలీనప్పుడు టచ్ చెయ్యొద్దు, చూడాలి అని. చూడ్డం కూడా పనే అంది."

నాకూ ఎన్నోసార్లు చెప్పిన మాటే. సొట్ట పడటం చావుకి గుర్తో, పుట్టుకకి గుర్తో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకుని మూత పెట్టేశాను.

మర్నాడు పొద్దున కాఫీ పొడి కోసం అల్మారా తెరిచాను. ఒక గుడ్డు మీద, వదిన గీసిన పెన్సిల్ గీత పక్కనే, బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలిక. అందులోంచి గోరంత ముక్కు బయటికొచ్చి ఉంది. సగం నలుపు, సగం తెలుపు. మావారినీ అమ్మాయినీ కేకేశాను. ముగ్గురం డబ్బా మీదికి వంగాం. ఎటూ తొందర లేనట్టు అది అలాగే ఆగి, ఒకసారి నాలుక ఆడించి, మా వంటింటి గాలిని రుచి చూసింది.