మళ్ళీ రొట్టె తిన్న డ్రైవరు

సిటీ బస్సు నడిపే ఆయనకి తోటి డ్రైవర్లు 'అదనపు స్టాపు' అని పేరు పెట్టారు. దారిలో మరుగుదొడ్డి ఎక్కడ ఉంటే అక్కడ బస్సు ఆగేది. "ఒక్క నిమిషమండీ" అని దిగి పరిగెత్తేవాడు. వెనక సీట్లోంచి ఎవరో ఒకరు, "నిమిషం అంటే ఎవరి గడియారం ప్రకారం బాబూ?" అనేవారు. బస్సంతా నవ్వేది. తిరిగొచ్చి ఆయనా నవ్వేవాడు.

ఇంటికెళ్ళాక నవ్వడానికి ఓపిక ఉండేది కాదు. పొట్ట ఉబ్బి రాయిలా అయ్యేది. మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా ఒంట్లో రక్తం పెరగలేదు.

"మన వంశంలో పొట్టలే అంత. నేను బతకలేదూ?" అనేది తల్లి. ఆవిడా ఈనుపుల్లలా ఉండేది. నీళ్ళ బకెట్ ఎత్తబోయి ఒకసారి మణికట్టు విరగ్గొట్టుకుంది.

రొట్టె తిన్న రోజు ఆయనకి బాధ ఎక్కువవడం భార్య కనిపెట్టింది. రొట్టెలు, బిస్కెట్లు, గోధుమతో చేసినవన్నీ మాన్పించి అన్నం మీద ఉంచింది. కొన్నాళ్ళకే మనిషి తేరుకున్నాడు. గోధుమ పడదేమోనన్న అనుమానం తీర్చుకుందామని అప్పుడు రక్తపరీక్ష చేయించారు. ఏమీ లేదని వచ్చింది.

"పెళ్ళాం మాట విని లేనిపోని రోగం నెత్తినేసుకున్నావు" అంది తల్లి. ఆ మాట ఆయనకి ముల్లులా దిగింది. ఇన్నేళ్ళూ తను పడింది వేషమేనా అనుకున్నాడు.

రిపోర్టు చూసిన డాక్టరమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. "పరీక్షకి ముందు గోధుమ తింటున్నారా?"

"మానేసి మూడు నెలలైందండీ."

"అదే చిక్కు. గోధుమ పడక రక్తంలో పుట్టే యాంటీబాడీలనే ఈ పరీక్ష పట్టుకుంటుంది. తినడం మానేస్తే ఆ జాడ చెరిగిపోతుంది. మళ్ళీ కొన్ని వారాలు రోజూ తిని, అప్పుడు రక్తమివ్వాలి."

"అంటే దొంగ దొరకాలంటే తలుపు తీసిపెట్టి పడుకోవాలన్నమాట!" అన్నాడాయన. "ఇప్పుడు సుఖంగానే ఉన్నాను కదమ్మా, రోగానికి పేరెందుకు?"

"ఆ రోగమే అయితే బతికినంతకాలం ఒక్క ముక్క కూడా తినకూడదు. నిజమో కాదో తెలియకుండా అంత పథ్యం ఎన్నాళ్ళు చేస్తారు? పైగా ఇది వంశంలో వచ్చేది, ఎముకల్ని గుల్లచేసేది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండొచ్చు."

ఆయనకి తల్లి మణికట్టు గుర్తొచ్చింది. సరేనన్నాడు.

సెలవు పెట్టాడు. పొద్దున్నే భార్య రెండు రొట్టె ముక్కలు కాల్చి పళ్ళెంలో పెట్టి ఎదురుగా కూర్చునేది. మొదటి వారం గడవకుండానే పాత బాధలన్నీ తిరిగొచ్చాయి.

"నా చేత్తో నేనే విషం పెడుతున్నట్టుంది" అని ఒకరోజు ఏడ్చేసింది.

"పెట్టు, పెట్టు. ఇన్నేళ్ళ కాపురంలో నీకింత మంచి అవకాశం మళ్ళీ రాదు" అన్నాడాయన, గోడ పట్టుకుని లేస్తూ. ఏడుస్తూనే నవ్వింది.

గడువు నిండాక వెళ్ళి చెయ్యి చాపాడు. ఈసారి పరీక్షలో దొరికింది. నోట్లోంచి గొట్టం పంపి పేగులోంచి చిన్న ముక్క తీసి చూశారు. సందేహం లేదు, గోధుమ పడని సీలియాక్ జబ్బే. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు. జబ్బు ఉన్నందుకు కాదు, తన మాట అబద్ధం కానందుకు.

తల్లిని పరీక్షకి తీసుకెళ్ళడం ఇంకా కష్టమైంది. "ఈ వయసులో నాకు సూదులా?" అని మొండికేసింది. "నా కోసం రా అమ్మా" అని బతిమాలితే వచ్చింది. ఆవిడ గోధుమ మానలేదు కనక ఒక్క పరీక్షకే తేలిపోయింది. ఆవిడకీ అదే.

బస్సులో ఇంటికొస్తూ ఆవిడ కిటికీలోంచి చూస్తూ అంది.

"మా అమ్మ తిన్నదంతా కక్కేసేదిరా. అత్తారింటి తిండి వంటబట్టని పొగరుమోతని అనేవాళ్ళు. నేనూ నమ్మాను."

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ ఇంట్లోకి గోధుమ రాదు. కోడలు పొట్లాలమీది చిన్న అక్షరాలు కూడా చదివిగాని సరుకు కొనదు. ఆయన డ్యూటీకి టిఫిన్ బాక్సుతో వెళ్తాడు. అత్తగారు ఒళ్ళు చేసి, జాకెట్ల కుట్లు విప్పించుకుంది. "నీ వంట వల్ల కాదులే, మందుల వల్ల" అంటుంది కోడలితో. సీలియాక్‌కి మందే లేదని ఆవిడకీ తెలుసు.