గంగ ఒడ్డున రిమోటు కావలి

"రిమోటు ఏడ పెట్టినవే?"

"నా కొంగుకే ఉన్నది. నువ్వు పండుకో."

మా ఆయనకు నాకు నడుమ నడిచిన ఆఖరి మాటలు గివే. దవాఖాన మంచం మీద పండుకొని ఆయన అడిగిండు, పక్కకు స్టూలు మీద కూసొని నేను చెప్పిన. కండ్లు మూసుకున్నడు, మల్ల తెరువలే. కారు రిమోటు భద్రంగ ఉన్నదని తెలిసినంకనే పోయిండు. నేను ఎట్ల ఉంటనో అడగలే. నేను యాడికి పోత, ఈడనే ఉంటనని ఆయనకు ఎర్కే.

చూడవచ్చినోళ్లందరు ఒక్కటే అడుగుడు, "ఆఖరుకు ఏమన్నడక్కా?" అని. ఉన్నదున్నట్టు చెప్పిన. ఎవ్వలకు నచ్చలే. మా ఆడిబిడ్డకైతె అసలే నచ్చలే. "మా అన్న గట్ల ఎందుకంటడు? 'నువ్వు పైలం, జాగర్త' అన్నడట వదినెను" అని వాడకట్టంత తిరిగి చెప్పింది. మా ఆయన పైలం పైలం అన్నది నిజమే. నన్ను కాదు, రిమోటును.

అందుకే ఇది రాపిస్తున్న. నాకు అచ్చరం ముక్క రాదు, సంతకమొక్కటి గీస్త. రాసేది నా చెల్లె బిడ్డ. బిడ్డా, నేను ఎట్లంటె గట్లనే రాయి, నా మాటకు పౌడరు పుయ్యకు.

ఆయన బొగ్గుబాయిల పని చేసిండు. రిటైరైనంక కారు కొంటనన్నడు. మోపెడ్ మీద తిరిగిన మనిషివి, నీకు కారెందుకయ్యా అంటె ఇనలే. తెచ్చిండు. ఆ కారుకు తాళంచెవి పెట్టి తిప్పుడు లేదు. సబ్బు ముక్కంత నల్లటి రిమోటు ఇచ్చిండ్రు. జేబుల ఉంటె సాలు, దగ్గరికి పోతె తలుపు తెర్సుకుంటది, దూరం పోతె తనంతట తానే బిగించుకుంటది. "సూసినవా, మనిషిని గుర్తుపడ్తది" అని మురిసిండు. అది గుర్తుపట్టేది మనిషిని గాదు, రిమోటును. గా సంగతి ఆయనకు గంగల తెలిసింది.

మాకు గోదారే గంగ. ఐతారం వస్తె, ఏకాదశి వస్తె స్నానానికి పోవుడే. పాత రోజులల్ల ఆటోల పోయేటోళ్లం, ఇద్దరం మునిగేటోళ్లం, తడి బట్టలతోని వచ్చేటోళ్లం. నీళ్లల్ల తల ముంచితె నాకు పాణం లేసొచ్చేది. ఇంట్ల పొయ్యి, బాయి షిఫ్టులు, బొగ్గుపొడి, అన్నీ ఆ ఒక్క ఘడియ ఉండకపోయేటివి. కారొచ్చినంక ఒక ఫికర్ మొదలైంది. తువ్వాల కట్టుకొని నీళ్లల్ల దిగేటోనికి జేబు ఏడుంటది? రిమోటు ఏడ పెట్టాలె?

మొదట కవర్ల చుట్టి మొలతాడుకు కట్టుకున్నడు. మస్తు మునిగిండు. ఎక్కొచ్చి సూస్తె కవర్ల సగం గంగనే ఉన్నది. కారు ముంగట నిలవడితె, కారు ఆయనను బిచ్చపోన్ని సూసినట్టు సూసింది. తెర్సుకోలే. కారు గట్టు మీద ఇడిసిపెట్టి, నీళ్లు కారుకుంట షేర్ ఆటోల ఇంటికొచ్చినం. ఆటో పిలగాడు, "కాకా, కారు కొన్నవంట గదా" అన్నడు. ఈయన కిటికీ దిక్కు సూసిండు. ఆటోకు కిటికీ ఉండదు.

రిమోటును బియ్యం డబ్బల పెట్టి ఆరపెడితె పాణమొచ్చింది, పోయి కారు తెచ్చుకున్నం. ఆ బియ్యమే ఒండిన. తిన్నడు.

తర్వాత ఆయన బాయికి పట్టుకపోయిన స్టీలు టిఫిన్ డబ్బ తీసిండు. మూత బిర్రుగ పడ్తది, బాయిల నీళ్లు కారినా లోపల అన్నం తడవకపోయేది. రిమోటు అండ్ల పెట్టి, మూత పెట్టి, మెట్ల మీద కండ్ల ముంగటనే పెట్టుకొని మునిగిండు. మంచిగనే ఉన్నదనుకున్నం. ఎక్కొచ్చి డబ్బ చంకల పెట్టుకొని కారు తలుపు గుంజిండు. రాలే. అటు దిక్కు గుంజిండు. రాలే. దేవుని చుట్టూ తిరిగినట్టు తిరిగిండు కారు చుట్టూ. "ఒక్క సుక్క నీళ్లు తగలలే, అయినా సచ్చిందే" అని మెకానిక్‌కు ఫోన్ చేసిండు. ఆ పిలగాడు ఎండల పడి వచ్చిండు.

"కాకా, రిమోటేది?"

"డబ్బల భద్రంగున్నది."

"తియ్యిండ్రి."

మూత తీసుడే ఆలిశం, కారు కుయ్యిమన్నది. స్టీలు డబ్బల మూత పెడితె రిమోటు మాట కారుకు ఇనపడదట. మా ఆయనకు సిగ్గయితదేమో అనుకున్న. ఆయన ఎగిరి గంతేసిండు. "అంటె దొంగకు గుడ ఇనపడదు!" అన్నడు. ఇగ గా డబ్బనే ఖాయం చేసిండు.

కానీ డబ్బనే ఎవడన్న ఎత్తుకపోతె? గప్పుడు తీసిండు బాయి రూలు. బాయిల దిగేటోడు బీడీలు, అగ్గిపెట్టె, సెల్లు అన్నీ పైన ఇడిసే దిగాలె. పైన ఒక మనిషి కావలి ఉండాలె. పైన మనిషి లేకుంట కింద మనిషి దిగొద్దు. గది ఆయన రకతంల పడ్డది. గంగ గుడ ఆయనకు బాయే అయింది. దిగేటోడు ఆయన, పైన ఉండేదాన్ని నేను.

"నువ్వు ఎక్కినంక నేను దిగుత" అన్న.

"నాకు సలి పెడ్తది. కారు స్టార్ట్ చెయ్యాలె, డబ్బ తే."

"మరి నాకు స్నానం?"

చెంబుల నీళ్లు పట్టుకొచ్చి నా నెత్తి మీద సల్లిండు. "ఇగో, పుణ్యం పార్సల్."

అప్పటిసంది నేను గంగల మునుగలే. గట్టు మీద టిఫిన్ డబ్బ ఒళ్లె పెట్టుకొని కూసునుడే. పక్కపొంటి ఆడోళ్లు అడిగేటోళ్లు, "డబ్బల ఏమున్నదక్కా, పులిహోరనా?" అని. "కారు" అని చెప్పేదాన్ని. జరంత దూరం జరిగి కూసునేటోళ్లు.

ఆయన పోయినంక అస్థికలు కలుపుడుకు అదే కార్ల పోయినం. కొడుకు నడిపిండు. కుండకు ఎర్ర బట్ట కట్టి నా ఒళ్లె పెట్టిండ్రు, డబ్బ పెట్టే జాగలనే. గట్టు మీద కొడుకుకు గుండు చేసిండ్రు. తువ్వాల కట్టుకొని, కుండ తీసుకొని, రిమోటు డబ్బల ఏసి, అచ్చం వాళ్ల నాయిన లెక్కనే చెయ్యి సాపిండు. "అమ్మా, పట్టుకో."

ఆడిబిడ్డ అప్పటికే కొంగు నడుముకు దోపింది. "వదినె, నువ్వు గట్టు మీదనే ఉండు. మెట్లు జారుతయి. మేం కలిపొస్తం."

నేను లేసి నిలవడ్డ. ఇయ్యాల దిగకుంటె, ఆయనతోని గంగల దిగుడు ఇగ ఎన్నడు లేదు. మనిషిగ ఉన్నప్పుడు గట్టు మీద కూసోపెట్టిండు. బూడిదైనంక గుడ కూసోపెడ్తడా?

"నేను దిగుత" అన్న.

"మరి రిమోటు?" అన్నడు కొడుకు.

సూడుండ్రి, తండ్రి అస్థికలు చేతుల పట్టుకొని పిలగాడు అడిగిన మాట.

డబ్బెందుకు, ఉత్త రిమోటును కారు టైరు మీద పెడ్దామన్నరు ఎవలో. "అట్ల పెడితె పక్కకు ఎవడొచ్చి నిలవడ్డా తలుపు తెర్సుకుంటది" అన్నడు కొడుకు. గుండు చేసినాయన "నాకియ్యిండ్రి" అన్నడు గని, పాపం ఆయనకు ఇంకొక గుండు ఎదురుసూస్తున్నది. అయ్యగారు "యాళ్లయితున్నదమ్మా" అని తొందరపెట్టవట్టె.

"మీ నాయిన ఏమనేటోడు బిడ్డా?" అన్న. "పైన ఒకరుండాలె అనేటోడా, లేదా?"

"అనేటోడు."

ఆడిబిడ్డ ముంగటికొచ్చింది. "మా అన్న మాటంటె మాటే. పైన ఒకరు ఉండాల్సిందే."

"అట్లయితె పట్టు" అని డబ్బ ఆమె చేతుల పెట్టిన.

"నేనా? నేను తోడబుట్టినదాన్ని!"

"అందుకే పిల్లా. మీ అన్న మాట మీరు నిలబెట్టకుంటె ఎవలు నిలబెడ్తరు? మూత బిర్రుగ పట్టుకో. నీకు చెంబుల నీళ్లు తెస్త తియ్యి."

డబ్బ ఒళ్లె పెట్టుకొని గట్టు మీద కూసున్నది. నేను దిగిన.

మెట్లు నిజంగనే జారినయి. కొడుకు జబ్బ పట్టుకున్నడు. మోకాళ్లకొచ్చినయి, నడుముకొచ్చినయి, రొమ్ముకొచ్చినయి. అవుతల పవర్‌హౌజు పొగగొట్టాలు పొగ పెడ్తున్నయి. కొడుకు బట్ట ఇప్పి కుండ వంచిండు. బూడిద కొంత మునిగింది, కొంత తేలింది. బాయికెల్లి నల్లగ వచ్చేటోడు రోజు, కండ్లు పండ్లు తప్ప ఏం అవుపడకపోయేటివి. ఇప్పుడు తెల్లగ పోతున్నడు. నా చీరె కుచ్చిళ్ల కాడ ఒక్క సుట్టు తిరిగిండు, తర్వాత నీళ్లు గుంజుకపోయినయి.

ముక్కు పట్టుకొని మునిగిన. లోపల సప్పుడు లేదు. చెవులల్ల నీళ్లు. ఏడ పెట్టినవే అని అడిగేటోడు లేడు. ఎంత సేపు ఉన్ననో ఎర్క లేదు, కొడుకు జబ్బ పట్టి లేపిండు. "అమ్మా, భయపెట్టకే" అన్నడు.

గట్టు మీదికెల్లి ఆడిబిడ్డ మొత్తుకుంటున్నది. "వదినే, సాలు రా! ఎండకు డబ్బ కాలుతున్నది!"

ఇనపడ్డది. మల్ల మునిగిన.

సాలు బిడ్డా, ఇంతకు మించి లేదు. ఇప్పుడు సదివి ఇనిపియ్యి. మొదటికెల్లి వద్దు, గదంత నాకు ఎర్కే. నేను నీళ్లల్ల దిగిన కాడికెల్లి సదువు. మెల్లగ సదువు, జల్ది ఏం లేదు.