పొగ కోసం వెనక్కి వెళ్ళిన రైలు

శుక్రవారం పొద్దున్న ఆరుంబావుకే విశాఖపట్నం స్టేషన్లో ఉన్నాను. కిరండూల్ పాసింజరు ఆరూ నలభై అయిదుకి. మెడలో కెమెరా, సంచిలో ఇడ్లీ పొట్లం. ఆఫీసులో ఇచ్చిన సెలవు చీటీలో మాత్రం కడుపునొప్పి అని రాశాను. నిజం రాస్తే సెలవివ్వరు, పైగా నవ్వుతారు. తొంభైల చివర్లో రైలుబళ్ళకి ఫోటోలు తీసే పిచ్చి మా పేటలో నాకొక్కడికే ఉండేది. పెళ్ళి ఫోటోలకన్నా ఇంజన్ల ఫోటోలు ఎక్కువున్న ఇల్లు మాది. మా ఆవిడ ఈ సంగతి వచ్చిన చుట్టాలందరికీ చెప్పేది.

సంగతేమిటంటే, ఇరవైమంది విదేశీయులు ఒక రైలు మొత్తాన్ని అద్దెకి తీసుకుని అరకు వెళ్తున్నారని తెలిసింది. ఎక్కడో షెడ్డులో పడున్న బొగ్గింజనుకి రంగులేసి ముందు తగిలిస్తారట. అరకు కొండల ఘాటులో నేను తియ్యని రైలు లేదు గాని, పొగ చిమ్మే ఇంజనుని ఒక్కసారీ చూడలేదు. మళ్ళీ రాదు కూడా. వంపు తిరుగుతూ, నల్లటి పొగతో, మనిషి జాడ లేకుండా ఒక్క ఫోటో దక్కితే చాలనుకున్నాను. స్పెషల్లో సీట్లు డాలర్లలో అమ్మారు కనక, నేను పాసింజరులో ముందే వెళ్ళి కాపు కాయాలి.

శృంగవరపుకోట దాటాక ఎదురు సీట్లో ఉన్న బడిపంతులుగారు వేయించిన శనగలు పెడుతూ వివరాలడిగారు. చెప్పాను.

"అంటే ఏటండీ, రైలెక్కి ఎల్లి, దిగి, ఇంకో రైలుకి ఫోటో తీసి, మళ్ళా రైలెక్కి వచ్చేస్తారా?"

"అవునండి."

ఆయన మిగిలిన శనగలు కూడా నా చేతిలోనే పోసి, బొర్రా దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

పదీ ఇరవైకి శిమిలిగూడలో దిగాను. టీ తాగి, పట్టాల పక్క కాలిబాటన మైలు దూరం వెనక్కి నడిచాను. ఒకవైపు వలిసె చేను పసుప్పచ్చగా పూసి ఉంది. వంపు దగ్గర గట్టు మీద ఒక పదిహేనుమంది బుట్టలూ కావిళ్ళూ ఎత్తుకోబోతున్నారు. అరకు సంతకి బయల్దేరినవాళ్ళు. నేను దిగిన పాసింజరు వాళ్ళకి తప్పిపోయింది. అల్లం బుట్ట పెట్టుకున్న పెద్దావిడ, పేరు సుక్రమ్మ, నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"రైలెల్లిపోనాది బాబు. సంతకి నడవాల. నువ్వేటి సేత్తన్నావు ఇక్కడ?"

"ఇంకో రైలొస్తుంది. దానికోసం."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ తమ భాషలో ఏదో చెప్పింది. ఎత్తిన బుట్టలన్నీ మళ్ళీ కిందికి దిగాయి.

పన్నెండూ పదికి వచ్చింది స్పెషల్. ముందు బొగ్గింజను రొప్పుతోంది. వెనక చడీచప్పుడు లేకుండా ఒక కరెంటింజను తోస్తోంది. ముందుది పొగకి, వెనకది పనికి. సుక్రమ్మ లేచి నిలబడి చెయ్యెత్తింది. సరిగ్గా అప్పుడే రైలు ఆగింది. నేను ఆశ్చర్యపోయాను గాని ఆవిడకి ఆశ్చర్యమేం లేదు.

విదేశీయులందరూ కెమెరాలు నిలబెట్టే ముక్కాలిపీటలతో చేలోకి దూకారు. కోటు తొడుక్కున్న టూరు మేనేజరు గొంతు చించుకుంటూ వాళ్ళని వరసలో నిలబెట్టాడు. ఈ రకం రైళ్ళలో ఇదొక పద్ధతి. ఫోటోలవాళ్ళని దించేసి, రైలు కొంత దూరం వెనక్కి వెళ్ళి, బొగ్గు దట్టించి, పొగ కక్కుతూ వాళ్ళ ముందునుంచి పోతుంది. ఆ తర్వాత ఆగి ఎక్కించుకుంటుంది. పైన ఖనిజం గూడ్సు దారికోసం కాచుకునుంది, అందుకని ఒక్కసారే అని మేనేజరు అరిచాడు. నేనూ వరస చివర నిలబడ్డాను.

రైలు వెనక్కి కదిలింది. నేను వెలుతురు చూసుకుని తలెత్తేసరికి గట్టు ఖాళీ. బుట్టలతో సహా సంతజనం నెమ్మదిగా పోతున్న రైలు వెంట పరుగెత్తి ఎక్కేస్తున్నారు.

ఏజెన్సీలో జీపుల సంగతి తెలిసినవాళ్ళకి ఇందులో వింతేం కనిపించదు. చెయ్యెత్తితే జీపు కాస్త ముందుకెళ్ళి ఆగుతుంది. లోపలివాళ్ళు దిగి చోటిస్తారు. జీపు వెనక్కొస్తుంది. చెయ్యెత్తినవాళ్ళు ఎక్కుతారు. సుక్రమ్మ లెక్కలో అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

"అమ్మా, అది ఎక్కే రైలు కాదు!" అని కేకేశాను.

"బేగి రా బాబు! బోల్డు సోటుంది!" అని తలుపు దగ్గర్నుంచి ఆవిడ కేకేసింది.

పరుగెత్తుకెళ్ళి దింపొచ్చు. కాని నా చోటు పోతుంది. అందుకే వెళ్ళలేదు, దాచుకోవడం దేనికి.

కూత వినిపించింది. కొండ మీద ముందు పొగ లేచింది, తర్వాత ఇంజను వంపు తిరిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అనుకున్నట్టే ఉంది, ఇన్నేళ్ళుగా అనుకున్నట్టే. బటన్ మీద వేలు పెట్టి ఊపిరి బిగపట్టాను. ఇంజను వెనక మొదటి పెట్టె కూడా వంపులోకి వచ్చింది. కిటికీల్లో గుమ్మడికాయలు, ఒక కోడిపుంజు, లెక్కలేనన్ని చేతులు. తలుపులో నిలబడి సుక్రమ్మ నాకేసి చెయ్యి ఊపుతోంది.

నేనూ ఊపాను. బటన్ మీదున్న చేత్తోనే.

ఇంజను వెళ్ళిపోయింది. పెట్టెలూ వెళ్ళిపోయాయి. ఆగాల్సిన చోట రైలు ఆగలేదు. చివర్న ఉన్న గార్డుకి కిటికీల నిండా తలకాయలు కనిపించాయి. జనం ఎక్కేశారనుకుని పచ్చజెండా ఊపాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు, జనం ఎక్కిన మాట నిజమే.

చేలో ఇరవైమంది విదేశీయులు, నేను, మేనేజరు మిగిలాం. మేనేజరు కోటు విప్పేసి గట్టు మీద కూలబడ్డాడు. నేనే అందరినీ రోడ్డెక్కించి, వచ్చిన జీపుకి చెయ్యెత్తాను. ముందుకెళ్ళి ఆగింది, వెనక్కొచ్చింది. ఇరవై రెండుమందిమి దానిమీదే పట్టాం. ఒక ముసలాయన ముక్కాలిపీటని కావలించుకుని బానెట్ మీద పడుకున్నాడు. దిగాక, ఇండియా వచ్చినప్పటినుంచీ ఇంత మంచి ప్రయాణం చెయ్యలేదన్నాడు. రెండున్నరకి అరకు చేరేసరికి స్పెషల్ స్టేషన్లో ఉంది. భోజనాలు మాత్రం లేవు. వడ్డించేవాళ్ళు ఎక్కినవాళ్ళకి వడ్డించేశారు.

నాలుగింటికి తిరుగు పాసింజరు. సంతనుంచి తిరిగొచ్చే జనంతో కిక్కిరిసి ఉంది. ఎవరో జరిగి చోటిచ్చారు. చూస్తే సుక్రమ్మ. బుట్ట ఖాళీ.

"అల్లం పోయిందా?"

"బేగెల్లీసినాం గదా, మంచి బేరం తగిలింది," అని, కాగితంలో చుట్టిన కట్లెట్ ఒకటి నా చేతిలో పెట్టింది. "ఆ రైల్లో ఎట్టినారు. సప్పగుంది. నువ్వు తిను."

పొద్దుటి ఇడ్లీల తర్వాత ఏమీ తినలేదు. తిన్నాను. నిజంగానే చప్పగా ఉంది.

"ఆ పొగరైలు వచ్చే సంతకి కూడా వత్తాదా బాబు?"

"రాదమ్మా. అది ఈ ఒక్కసారికే వచ్చింది. మళ్ళీ ఎప్పటికీ రాదు."

శిమిలిగూడ వచ్చి బండి నెమ్మదించింది. బుట్ట చంకన పెట్టుకుని లేస్తూ నన్ను జాలిగా చూసింది.

"మరయితే మీరందరూ దిగిపోనారేటి?"

వంపు గురించి, వెలుతురు గురించి మొదలెట్టేసరికి బండి ఆగింది. ఆవిడ దిగి, చీకటి పడకముందే ఇల్లు చేరాలని గబగబా నడిచిపోయింది. ఈ ఘాటుకి కెమెరాతో వచ్చేవాళ్ళు వలిసె పూసే రోజుల్లో రండి, శిమిలిగూడ దగ్గర దిగండి. బొగ్గింజను రైల్లో కొండెక్కడం ఎలా ఉంటుందని మాత్రం నన్నడగకండి. సుక్రమ్మనడగాలి.