రాజన్నకు మొక్కిన జుట్టు

మంచిర్యాలలో నర్సింగ్ చదివే పిల్లలకు నేను చెప్పే ఒక పాఠానికి ఇంగ్లీషులో గొప్ప పేరుంది. మన మాటల్లో చెప్పాలంటే, ఆసుపత్రికి వచ్చినవాళ్ళ ఆచారాలు తెలుసుకుని వైద్యం చేయడం. ఆ పాఠం ఉన్న పుస్తకమంటేనే నాకు చిరాకు. ఫలానావాళ్ళు ఇది తినరు, ఫలానావాళ్ళు అది నమ్ముతారు అని కిరాణా చీటీలా రాసి ఉంటుంది. మా బొగ్గుగనుల కాలనీలో ఒక్క వీధి తిరిగొస్తే ఆ చీటీ ఎందుకూ పనికిరాదు.

అందుకే పిల్లల్ని వార్డుకు తీసుకుపోతాను. అలా తీసుకుపోయిన ఒక ఎండాకాలపు మధ్యాహ్నం ఇప్పటికీ నాకు సగం కలలాగే గుర్తొస్తుంది. కిటికీలకు తడిపి కట్టిన గోనెపట్టాలు, వాటి సందుల్లోంచి బెల్లం రంగు వెలుగు, స్టేషన్ వైపు నుంచి ఎంతకీ అయిపోని గూడ్సుబండి చప్పుడు. వార్డంతా నీళ్ళడుగున ఉన్నట్టుంది.

ఆ వెలుగులో ఏడాదిన్నర పిల్లాడొకడు తల్లి భుజం మీద వాలి ఉన్నాడు. నడినెత్తిన నిమ్మకాయంత సెగ్గడ్డ, ఒళ్ళు కాలిపోతోంది. గడ్డ కోయాలి, చుట్టూ జుట్టు తీయాలి అన్నాడు డాక్టరు. వాడి జుట్టు భుజాల దాకా పెరిగి, చిన్న జడ వేసి ఉంది. పుట్టు వెంట్రుకలు. వేములవాడ రాజన్న గుడిలో తీయించేదాకా కత్తెర తగలకూడదు. పక్కనే ఉన్న నానమ్మ మనుమడి తల మీద కొంగు కప్పి లేచింది.

"మేం పోతం. మా గోస మీకేమెరుక? ఎద్దు పుండు కాకికి ముద్దా?"

ఆ జ్వరంతో గడప దాటితే పిల్లాడు దక్కుతాడో లేదోనని నాకు భయం వేసింది. నా శిష్యురాలు ఒకమ్మాయి పుస్తకంలో ఉన్నట్టే మొదలుపెట్టింది. "దేవుడు ఏమనడు అవ్వా, జర దండం పెట్టుకో."

"రాజన్న ఏమంటడు బిడ్డా? ఏమనడు. గది నాకెరుక లేదా?"

ఇక పుస్తకం అయిపోయింది. వెనక నిలబడ్డ ఇంకో శిష్యురాలు, చొప్పదండి ఊరి పిల్ల, నా క్లాసులో హాయిగా కునుకు తీసే మహాతల్లి, ముందుకొచ్చింది. "మరి ఎవరేమంటరని అవ్వా?"

ముసలామె మళ్ళీ కూర్చుంది. "నా కొడుకు. దుబాయ్ల ఉన్నడు. పోయేటప్పుడు గీడు కడుపుల ఉండె. నేనొచ్చి ఎత్తుకొని తీపిస్త, అందాక ముట్టద్దని చెప్పి పోయిండు. వానికి ఏం మొఖం చూపెట్టాలె?"

"జరమొచ్చిందని చెప్పిండ్రా?"

చెప్పలేదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఇంటి కష్టం చెప్పకపోవడం మా వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే. అంత దూరాన పరేషాన్ అయి ఏం చేస్తాడని దాచుకుంటారు.

"గల్ఫ్‌ల ఉన్న మా అన్నకు గిట్లనే ఇంటి సంగతి చెప్పకపోతిమి," అంది ఆ పిల్ల. "తర్వాత తెలిసి ఇంకా ఎక్కువ ఏడ్చిండు. ఒక్కసారి ఫోన్ చెయ్యి అవ్వా."

వీడియోలో పచ్చ హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడు కనిపించాడు. కొడుకు తలను చాలాసేపు చూశాడు. తర్వాత, "తియ్యుండ్రి. పానం కన్న ఎక్కువనా?" అన్నాడు.

గడ్డ చుట్టూ ఉన్నంత మేరకే తీశారు. గడ్డ కోయగానే చీము అంతా పోయింది. పిల్లాడు గుక్కపట్టి ఏడ్చి, తల్లి ఒళ్ళో నిద్రపోయాడు. తీసిన జుట్టును చొప్పదండి పిల్ల పసుపు గుడ్డలో పెట్టి, వేములవాడకు ముడుపు కడుతోంది. పిల్లాడి తండ్రి ఫోన్ ఇంకా పెట్టేయలేదు.

"చెల్లే," అని పిలిచాడు అతను. "రోజూ ఫోన్ల చూస్తనే ఉన్న. ముట్టుకుంటే ఎట్లుంటయ్ అవి?"

ఆమె చేతికి గ్లౌజు ఉంది. అది తీసేసి, ముడుపు విప్పి, ఆ వెంట్రుకలను వేళ్ళతో నిమిరింది.

"మస్తు మెత్తగున్నయ్ అన్నా," అంది.