తమరు అనే తిట్టు

ఈరోజు ఉదయం నా భార్యను నేను 'తమరు' అన్నాను. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర, వెనక సిటీ బస్సు హారన్ మోగిస్తుండగా, గొంతు ఏమాత్రం పెంచకుండా, చిరునవ్వుతో అన్నాను. తెలుగు తెలియనివాళ్ళెవరైనా పక్కన ఉండుంటే ఈయనెంత మర్యాదస్తుడో అనుకునేవారు. ఆమె మాత్రం కారు దిగి వెళ్ళిపోయింది.

అది తప్పని ఒప్పుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

గవర్నర్‌పేటలో నాకు ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఉంది. మా వీధిలో కోపమొస్తే ఎవరూ అరవరు, మర్యాద పెంచుతారు. రోజూ 'ఏరా' అని పిలుచుకునే ఇద్దరు మాట తేడా వస్తే 'మీరు'లోకి వెళతారు. ఇంకా ముదిరితే 'తమరు'. "తమరు పెద్దవారు, తమరు చెప్పాక ఇంకేముందండీ" అన్నారంటే ఆ ఇద్దరూ ఇక కలిసి టీ కూడా తాగరని పక్క కొట్లో కూర్చున్నవాడికి అర్థమైపోతుంది. ఆ విద్యలో నేను ఆరితేరినవాణ్ణి.

ఇంట్లో మాత్రం ఒకప్పుడు అరిచేవాణ్ణి. కూరలో ఉప్పు తగ్గినా, టీవీ రిమోట్ కనపడకపోయినా పై అంతస్తు దాకా వినపడేది. బీపీ వచ్చాక డాక్టరుగారు యోగా చెయ్యమంటే మా కాలనీ పార్కులో జరిగే క్లాసులో చేరాను. మొదట నడుము కోసం చేశాను. తర్వాత గురువుగారు ఆసనాలయ్యాక చెప్పే మాటల కోసం వెళ్ళాను. యమ నియమాల గురించి, అందులో మొదటిదైన అహింస గురించి ఆయన విడమరిచి చెప్పేవారు. "కోపం వస్తుందండీ. రానివ్వండి. దాన్ని పక్కన నిలబడి చూడండి. మీరు సాక్షి మాత్రమే." ఆ మాట నాకు బాగా నచ్చింది. అరవడం మానేశాను. గురువుగారు క్లాసులో కొత్తవాళ్ళకు నన్ను చూపించి, మనిషి ఎంత మారవచ్చో చూడండనేవారు. నేను తల వంచుకుని వినేవాణ్ణి, చెవులు మాత్రం రిక్కించుకుని.

అరుపు పోయిన చోటికి కొట్లోని 'తమరు' వచ్చి కూర్చుందని నేను గమనించలేదు. ఆమె గమనించింది.

ఆమె ప్రభుత్వ స్కూల్లో టీచరు. ఈ ఏడాది బదిలీ మీద కంకిపాడు దాటి లోపలికున్న ఒక ఊరికి వేశారు. బస్సు మెయిన్ రోడ్డు మీదే దించేస్తుంది. అక్కణ్ణుంచి షేర్ ఆటో, అదీ వస్తే. అందుకని రోజూ నేనే కార్లో దింపుతున్నాను. వేసవి సెలవుల్లో ఆమె డ్రైవింగ్ స్కూల్లో చేరింది. రేపు లైసెన్సు టెస్టు. పాసైతే తనంతట తను స్కూలుకు వెళ్ళిరావచ్చు, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. యాభై దగ్గర పడుతున్న వయసులో ఆమె అంత పట్టుగా కోరుకున్నది మరొకటి నేను చూడలేదు.

ఇవాళ ఆదివారం, పొద్దున ట్రాఫిక్ తక్కువగా ఉంటుందని, నేను యోగా క్లాసు నుంచి రాగానే తను తోలతానని బయల్దేరదీసింది. సిగ్నల్ పచ్చగా మారింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"క్లచ్ మెల్లగా వదలాలి."

"మెల్లగానే వదిలానండీ."

"వదల్లేదు."

"వదిలాకే కదండీ ఆగింది! గట్టిగా ఉంది ఇది, కాలికి అందట్లేదు."

మళ్ళీ స్టార్ట్ చేసింది. మళ్ళీ ఆగింది. వెనక బస్సు, దాని పక్క ఆటోలు, అన్నీ ఒక్కసారే మొదలెట్టాయి. నేను ఊపిరి పీల్చాను, నేర్పినట్టే నెమ్మదిగా వదిలాను. తర్వాత ఆమె వైపు తిరిగి, "తమరు కాస్త దిగుతారా? పాపం, తమరికెందుకండీ ఇంత శ్రమ" అన్నాను.

ఆమె స్టీరింగు మీంచి చేతులు తీసింది.

"ఇంకోసారి అనండి."

"ఏమన్నానండీ? మర్యాదగానే కదా అన్నాను."

"తిట్టాలనుంటే తిట్టండి, పడతాను, తిరిగి తిడతాను. నేను మీ కొట్లో బేరానికొచ్చిన మనిషిని కాదు." బెల్టు తీసేసి తలుపు తెరిచింది. "రేపు నేను టెస్టుకి రావట్లేదు. కారు తమరే తోలుకోండి."

ఆటోల మధ్య నుంచి దారి చేసుకుంటూ అవతలికి నడిచి, ఒక ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. నేను డ్రైవరు సీట్లోకి మారి, కారు తీసి, ఇంటికి వెళ్ళకుండా మా యోగా మిత్రులు ఆదివారాలు చేరే టిఫిన్ హోటలుకు వెళ్ళాను. ఎందుకో నాకు తెలుసు. నేను చేసింది సరైనదేనని ఎవరి చేతైనా అనిపించుకోవాలి.

జరిగింది చెప్పాను.

"అరిచారా?" అని అడిగారు రిటైరైన ఇంజనీరుగారు.

"లేదండీ."

"మరింకేంటండీ బాబూ! గెలిచినట్టే. ఆవిడ రియాక్షన్ ఆవిడది. మీరు సాక్షిగా ఉండండి."

ఆ మాట ఒక ప్లేటు ఇడ్లీ తినేంతసేపు హాయిగానే ఉంది. ఇంతలో ఎదురుగా కూర్చున్న మందుల షాపాయన, "మా ఆవిడ విషయంలో నాక్కూడా క్లాసు చెప్పాలండీ మీరు, అరవకుండా కార్లోంచి దింపడమెలాగో" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"నేను గెలవలేదండీ" అన్నాను. "పెళ్ళాన్ని నడిరోడ్డు మీద దింపేశాను."

"అబ్బా, శాంతంగా మాట్లాడుకుందాం..."

"శాంతంగా మాట్లాడే దింపానండీ!"

సాంబారు పోస్తున్నతను గరిటె పట్టుకుని ఆగిపోయాడు. ఎన్నాళ్ళ తర్వాతో బయటికొచ్చిన నా పాత గొంతు అది. సిగ్గుపడాలి. పడలేదు.

"ప్రాణాయామం చేసిన రోజునే ఇలాగా?" అన్నారు ఇంజనీరుగారు, బాధగా. ఆయన మంచివారు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆయన ఇస్తున్న ఓదార్పు నాకక్కర్లేదు. ఇవాళే కాదు, ఇక ముందూ అక్కర్లేదు. సాక్షిగా ఉండమంటారు. నేను సాక్షిని కాను, ముద్దాయిని. ముద్దాయి లేచివెళ్ళి సాక్షి బోనులో నిలబడతానంటే ఏ కోర్టు ఒప్పుకుంటుంది? ఊపిరి లెక్కపెట్టి వదిలిన మాట కూడా గుచ్చుకుంటుంది. ఆలోచించి వదిలింది కాబట్టి గురి తప్పకుండా గుచ్చుకుంటుంది. నేను తగ్గించింది గొంతును, హింసను కాదు. దీన్ని ఎదుగుదల అంటే నేనొప్పుకోను.

అహింస తర్వాతి యమం సత్యం. దాని దగ్గర నేనెప్పుడూ ఎక్కువసేపు నిలబడలేదు. ఇంటికి వెళ్ళే దారిలో నిలబడక తప్పలేదు. ఆమె టెస్టు పాసవడం నాకిష్టం లేదు. పొద్దున్నే ఆమెను దింపడం గురించి అందరి దగ్గరా విసుక్కుంటాను గాని, ఆ ప్రయాణంలో ఆమె తన క్లాసు పిల్లల గురించి చెప్పే కబుర్లు, స్కూలు గేటు దగ్గర కారు ఆగగానే వాళ్ళ నమస్కారాలు, ఆమె దిగుతూ "సాయంత్రం వస్తారుగా?" అని అడగడం, ఇవన్నీ నాకు కావాలి. అది అడగడానికి నోరు రాలేదు. 'తమరు' అనడానికి వచ్చింది.

ఇంటికెళ్ళేసరికి ఆమె వంటింట్లో కింద కూర్చుని గోంగూర వలుస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"రేపు నువ్వు టెస్టుకి రావాలి."

"ఆజ్ఞా?"

"కాదు. వినవే ఒక్క నిమిషం. నువ్వు పాసవడం నాకిష్టం లేదు!" కావాలని గట్టిగా అనలేదు. అదలాగే వచ్చింది. పై అంతస్తువాళ్ళు తప్పకుండా విని ఉంటారు.

ఆమె తలెత్తలేదు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"క్లచ్ గట్టిగా ఉందని ఎన్నిసార్లు చెప్పానండీ? కొట్లో ఫ్యాను కిర్రుమంటే ఆ పూటే మనిషిని పిలిపిస్తారే. మరి దీనికి ఇవాళా రేపూ అంటారేం? నాకంత తెలీదనుకున్నారా?"

నాకే తెలియదు. లేదా తెలియనట్టు ఉన్నాను.

"నువ్వు వెళ్ళిపోతే..." అని మొదలెట్టాను.

"కంకిపాడు దాకా వెళతాను. అమెరికాకి కాదు." కాడలు విసిరి పారేసింది. "భయమేస్తే భయమని చావండి. ఆ అండీలూ తమర్లూ నా దగ్గర తీశారంటే మాత్రం ఊరుకోను."

"తియ్యను. కోపమొస్తే అరుస్తాను."

"అరవండి. నాకు నోరు లేదా?"

ఆ తర్వాత ఇద్దరం బాగానే అరుచుకున్నాం. పాతవి కొన్ని, కొత్తవి కొన్ని. అది శాంతి అని నేను అనను. కానీ ఆమె నా ముఖంలోకి చూసి మాట్లాడుతోంది. నేనూ అంతే. నా యోగంలో చాలాకాలంగా లేనిది ఇదే.

తలుపు వేసుకుని క్షమించమని అడగడం తేలిక. అది అడిగాను, సరిపోదని కూడా తెలుసు. ఆదివారం ఆటోనగర్ మూసి ఉంటుంది. మా కారు చూసే మెకానిక్ ఇంటికే వెళ్ళాను. భోజనం మధ్యలో లేచివచ్చి, "ఇప్పుడా సార్? మొన్న వస్తే అయిపోయేదిగా!" అన్నాడు. "అవును, నాదే తప్పు" అన్నాను. గొణుక్కుంటూనే షెడ్డు తెరిచి, కేబుల్ మార్చాడు. పెడల్ మెత్తగా దిగింది. నాలుగు గంటలకు తాళాలు ఆమె చేతికిచ్చి, స్కూలు దాకా తోలుకెళ్ళమన్నాను. తీసుకుంది.

దారంతా ఆమె అడిగినప్పుడే చెప్పాను. మెయిన్ రోడ్డు దిగాక కాలవ మీద ఇరుకు వంతెన ఉంది, ఒకసారికి ఒక్క బండే పడుతుంది. సగం ఎక్కాక అవతల నుంచి గడ్డి ట్రాక్టరు ఎదురైంది. ఆమె కంగారుపడి క్లచ్ వదిలేసింది. కారు ఆగిపోయింది. ఈసారి తప్పు కేబుల్‌ది కాదు, ఆమెదే. ట్రాక్టరు హారన్ కొట్టింది. వెనక మోటారుసైకిల్ మీదున్నాయన కేకేశాడు: "మీరు తోలచ్చుగా సార్! ఆడవాళ్ళ చేతికిచ్చి మమ్మల్నెందుకు చంపుతారు?"

ఆమె చెయ్యి బెల్టు మీదికి వెళ్ళింది.

"నువ్వు దిగద్దు" అన్నాను. నేను దిగాను.

"నేర్చుకుంటోందయ్యా! నువ్వు పుట్టగానే తోలావా? ఆగు, చచ్చిపోవులే!" అని వెనక్కి అరిచి, ముందుకు వెళ్ళి ట్రాక్టరుకు అడ్డంగా చెయ్యెత్తి నిలబడ్డాను. డ్రైవరు ఏదో అన్నాడు. దానికి తగ్గట్టు నేనూ ఏదో అన్నాను. ఒక్క 'అండీ' కూడా లేదందులో.

"అరవకండి, బీపీ!" అని కారులోంచి ఆమె అరిచింది.

"నువ్వు స్టార్ట్ చెయ్యి ముందు!"

ట్రాక్టరు విసుగ్గా వెనక్కి కదిలింది. కారు ఒకసారి దగ్గింది, రెండోసారి అందుకుంది. నన్ను దాటుకుంటూ నెమ్మదిగా వెళుతున్నప్పుడు ఆమె నావైపు చూడలేదు. చూడకూడదు, రోడ్డే చూడాలి. ఆమె వంతెన దిగి, పక్కకు తీసి, ఆపేదాకా నేను ట్రాక్టరు ముందు ఎత్తిన చెయ్యి దించలేదు.