చిట్కుల్ మలుపు దగ్గర ఏబెల్ ఆపిన బండి

ఏబెల్ ఇరవై రెండేళ్లు కెమికల్ ట్యాంకర్లు తోలాడు. నడుం పోయాక ఆ పని మానేసి, చిట్కుల్‌లో ఇల్లు కిరాయికి తీసుకుని, దగ్గర్లోని ఒక రేకుల ఫ్యాక్టరీలో యజమాని కొడుకు నవీన్‌కుమార్‌కు డ్రైవరయ్యాడు. భార్య జయశీల అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంది.

నిరుడు సార్ కొత్త ఎస్‌యూవీ కొన్నాడు. కరెంటు మీదా నడుస్తుంది, పెట్రోలు మీదా నడుస్తుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారు. సాయంత్రం పోతిరెడ్డిపల్లిలో సార్ ఇంటి షెడ్డులో వైరు గుచ్చితే తెల్లారేసరికి బ్యాటరీ నిండుతుంది. దాంతో ఫ్యాక్టరీకి వచ్చి మళ్లీ ఇల్లు చేరొచ్చు, చుక్క పెట్రోలు కాలదు. బ్యాటరీ అయిపోతే ఇంజను దానంతటదే అందుకుంటుంది. గాలి పాడు చేయని బండి అని నవీన్‌కుమార్ వచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు. ఫ్యాక్టరీ వెనక మోరీలో ఎర్రటి నీళ్లు పారుతుంటాయి, వాటిని మాత్రం ఎవరికీ చూపించడు.

ఏబెల్‌కు ఆ బండంటే ప్రాణం. వానొస్తే ప్లగ్గుకు కవరు చుట్టేవాడు. దిగుడులో బ్రేకు మెల్లగా తొక్కి, ఖర్చయిన కరెంటులో కొంత వెనక్కి రాబట్టేవాడు.

"గా బండ్ల కూసుంటే పోతున్నట్టే ఉండది," అనేవాడు ఇంటికొచ్చి.

"నీ జీతం గూడ గంతే. వస్తున్నట్టే ఉండది," అనేది జయశీల.

కరెంటు మీద నిదానంగా పోయేటప్పుడు ఎదుటి మనిషికి తెలియాలని బండిలో ఒక సన్నటి మోత పెట్టారు తయారుచేసిన వాళ్లు. నవీన్‌కుమార్‌కు అది చెవిలో దోమలా ఉందట. ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి దాని వైరు కోయించాడు. పక్కన టార్చి పట్టుకుని నిలబడింది ఏబెలే. అప్పుడతనికి ఏమీ అనిపించలేదు.

ప్రెస్సు మిషన్లకూ ఒక సెన్సరు ఉండేది. చెయ్యి అడ్డమొస్తే మిషను ఆగుతుంది. మాటిమాటికీ ఆగుతోందని దాన్నీ తీసేశారు. మార్చిలో ఒకరోజు ప్రెస్సు, దాని మీద పనిచేసే నర్సింగ్ కుడిచేతి మీద పడింది. నాలుగు వేళ్లు. తోటివాళ్లు వాటిని రేకు ట్రేలో ఏరుకుని ఆటోలో ఆస్పత్రికి ఉరికారు. ఒక్కటీ అతకలేదు. తప్పు నర్సింగ్‌దేనని మేనేజ్‌మెంటు కాగితం రాసుకుంది.

మర్నాడు కార్మికులంతా పని ఆపి గేటు ముందు కూర్చున్నారు. గేటుకు అడ్డంగా ఒక్కటే వరస, ఒక కొసన ఆడవాళ్లు, వాళ్లలో జయశీల. లోపల్నుంచి బౌన్సర్లు వచ్చి పడతారేమోనని గేటు వైపు ముఖం, రోడ్డుకు వీపు. ఈ ఫ్యాక్టరీలో ఎప్పుడు సమ్మె జరిగినా ఇట్లాగే కూర్చున్నారు. సార్ పాత డీజిల్ బండి మోత చిట్కుల్ మలుపు దగ్గరే వినపడేది. వినపడగానే లేచి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడేవాళ్లు. బండి మారిందని అందరికీ తెలుసు. కూర్చునే తీరు మార్చుకోవాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. పదేళ్లుగా వాళ్ల చెవులే వాళ్లకు కాపలా.

సమ్మె ఐదో రోజు పొద్దున నవీన్‌కుమార్ వెనక సీట్లో కూర్చున్నాడు.

"కరెంటు మీదనే పోనియ్, ఏబెల్. హారన్ కొట్టకు. గేటు లోపల్నుంచి తీస్తరు. ఆగకు."

"సార్, ఆడోళ్లు కూసున్నరు."

"బండి తగిల్తే లేస్తరు లే రా."

బండి మలుపు తిరిగింది. ఒక్క తల కూడా ఇటు తిరగలేదు. ఊడ్చే పని చేసే శివమ్మ వరస చివర కూర్చుని ఉంది. బంపరు ఆమె వీపును తాకింది. ఆమె పక్కకు ఒరిగింది. ఎడమ పాదం మీదుగా చక్రం ఎక్కి దిగింది. రెండు టన్నులు దాటిన బరువు. లోపల ఇంజను చప్పుడు లేదు కాబట్టి ఎముక నలిగిన చప్పుడు ఏబెల్‌కు సాఫుగా వినపడింది.

"చల్, చల్. ఆపకు."

ఏబెల్ ఆపలేదు. బండి లోపలికి పోయింది, గేటు మూసుకుంది.

శివమ్మ తనే కాలు జారి పడిందని కంపెనీ వాళ్లు పోలీసులకు చెప్పారు. ఆస్పత్రిలో ఆమె పాదం తీసేశారు.

సాయంత్రం ఏబెల్ ఇంటికొచ్చేసరికి జయశీల చీరకంటిన నెత్తురు ఉతుకుతోంది.

"బండి నోరు కోసిండ్రు, సరే. నీ నోరెవడు కోసిండు?"

"సార్ ఎనకనే ఉన్నడు..."

"నేను ముందట ఉన్న. శివమ్మక్క పక్కకే. నన్ను సూసినవా?"

"సూడలే."

"గంతే మరి. రేపు సూడకుండనే నా మీదికెల్లి తోలుతవ్."

ఆ మరుసటి సాయంత్రం ఏబెల్ షెడ్డులో బండి పెట్టాడు కానీ వైరు గుచ్చలేదు. బ్యాటరీ నిండకపోతే ఇంజను మోగుతుంది, మోగితే ఆడవాళ్లు లేస్తారు. అతని లెక్క అంతే. కానీ బండి సంగతులన్నీ నవీన్‌కుమార్ ఫోన్‌లో కనపడతాయి. మేడ దిగి వచ్చి, ఏమీ అడగకుండానే, రెండు చెంపలూ వాయించాడు. కడుపులో తన్నాడు.

"ఎవని ఉప్పు తింటున్నవ్ రా? గుచ్చు."

నేల మీద నుంచి లేచి ఏబెల్ వైరు గుచ్చాడు.

తెల్లారి ఎస్‌యూవీ వెనక ఒక బస్సు బయల్దేరింది. అందులో సమ్మె చేసేవాళ్ల బదులు పనిలో పెట్టడానికి నలభై మంది ఒడిశా కూలీలు, ఇద్దరు బౌన్సర్లు. ఎక్కడికి తీసుకుపోతున్నారో ఆ కూలీలకు ఎవరూ చెప్పలేదు. ఎస్‌యూవీ వరసను చీల్చాలి, వెనకే బస్సు దూరాలి.

"ఇయ్యాల లేస్తె లేస్తరు, లేకుంటె లేదు. నువ్వు మాత్రం కాలు తియ్యకు," అన్నాడు నవీన్‌కుమార్.

మలుపు వచ్చింది. అక్కడ్నుంచి వీపులు కనపడుతున్నాయి. ఈసారి ఏబెల్ చూశాడు. జయశీల జడ, పచ్చ రవిక. బ్యాటరీ నిండుగా ఉన్నా ఇంజన్ను నడిపించే బటన్ ఒకటుంది. దాన్ని నొక్కి, యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. ఇంజను అరిచింది. గేటు దగ్గర తలలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి.

వెనక నుంచి స్టీలు నీళ్ల సీసా ఏబెల్ ఎడమ చెవి మీద పడింది. ఇంకోసారి పడింది. నెత్తురు కాలర్లోకి కారుతుండగానే అతను బండిని రోడ్డుకు అడ్డంగా తిప్పి ఆపాడు. ఇంజను బంద్ చేసి, దిగి, ఫ్యాక్టరీ వెనక నుంచి వచ్చి రోడ్డు పక్కన పారే మోరీలోకి తాళంచెవిని విసిరేశాడు.

బౌన్సర్లు బస్సు దిగి వచ్చారు. ఒకడు ఇనప పైపుతో మోచేతి మీద కొట్టాడు. కింద పడ్డాక ఇద్దరూ బూట్లతో పక్కటెముకల్లో తన్నారు.

"తాళమేది బే?"

"మోరీల ఉంది. దిగి తీస్కోర్రి. మీ నీళ్లే గద."

ఆ మాటకు ఇంకా కొట్టారు. రెండో తాళం పోతిరెడ్డిపల్లి ఇంట్లో ఉంది. బండి తోస్తే కదలదు, బస్సుకు దారి లేదు. ఈలోపు గేటు దగ్గరి వాళ్లంతా ఉరికొచ్చారు. జయశీల మొగుడి మీద బోర్లా పడింది. అతని కోసం లేచిన పైపు ఆమె మణికట్టును విరగ్గొట్టింది. తర్వాత రాళ్లు లేచాయి. ఎస్‌యూవీ అద్దాలు పగిలాయి, నవీన్‌కుమార్ నుదురు పగిలింది. ఆ రాళ్లు వేసినవాళ్లను తప్పుబట్టేవాళ్లు ముందు ఆ ట్రేలో వేళ్లను చూసి రావాలి. బస్సు డ్రైవరు రివర్సు గేరు వేసి, కూలీలతో సహా వెళ్లిపోయాడు.

ఆస్పత్రిలో ఏబెల్ మంచం దగ్గరికి ఎస్సై వచ్చాడు. బండి అడ్డం పెట్టినందుకు, ఓనరు మీద దాడి చేయించినందుకు ఏబెల్ మీద కేసు. జయశీల కట్టు కట్టని చేత్తో చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. అందులో శివమ్మ.

"ఇంకొకటి రాసుకోండ్రి సార్," అన్నాడు ఏబెల్. "శివమ్మక్క కాలు మీదికెల్లి తోలింది నేనే. నవీన్ సార్ ఆపకన్నడు. నేను ఆపలే."

ఎస్సై పెన్ను ఆగింది. "గిది రాస్తె నువ్వు గూడ లోపటికి పోతవ్. తెల్సా?"

"తెల్సు. రాయుండ్రి."

ఎస్సై రాయడం మొదలుపెట్టాడు. శివమ్మ కుర్చీలోంచి ముందుకు వంగి ఆ కాగితం వైపే చూస్తోంది. ఆమెకు చదువు రాదు, కానీ ఎంత పెద్ద మాటకు ఎంత చిన్న రాత పడిందో తెలుస్తుంది.

"సార్ పేరు పడ్డదా లేదా సూడు, జయా," అంది.

జయశీల వంగి చదివింది. "పడలే, అక్కా."

"మల్ల చెప్పు, ఏబెల్."

ఏబెల్ మొదటి నుంచి మళ్లీ చెప్పాడు.